రంగు తిరిగే వారం

మా మేడ మీద ద్రాక్షతీగ ఉందంటే ఎవరూ నమ్మరు. యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, లత అనే పేట వీధుల మధ్య, లిఫ్టు కూడా లేని ఆరంతస్తుల పాత బిల్డింగు నెత్తిన, నీళ్ళ ట్యాంకుల పక్కన ద్రాక్షేమిటని నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను. తెచ్చింది మా మావయ్య, అమ్మకి సొంత తమ్ముడు. ముప్ఫై ఏళ్ళకు పైగా లారీ నడిపాడు. షాన్ కొండల మీంచి యాంగోన్‌కి కూరగాయలు, ద్రాక్ష, వైన్ సీసాలు, ఏ కాలంలో ఏ సరుకు దొరికితే అది దింపేవాడు. పెళ్ళి చేసుకోలేదు. లారీ మానేశాక మా దగ్గరికే వచ్చి ఉండిపోయాడు. అప్పటికి ఇంట్లో ఉన్నది అమ్మా నేనూ ఇద్దరమే. నాన్న పోయి చాలా కాలమైంది. నా పెళ్ళి మాట ఎత్తడం చుట్టాలు మానేసి కూడా దాదాపు అంతే కాలమైంది.

మా ముత్తాత రేవులో బస్తాలు మోయడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆయన మోసిన బరువులు మా తరానికి వచ్చేసరికి బట్టలయ్యాయి. నేను ఊరి శివార్లలో లైంగ్‌థార్యార్‌లో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తాను. కుట్టడం కాదు, కుట్టినవాటిని చూడటం నా పని. పొద్దున్న ఆరున్నరకి ఫెర్రీ వస్తుంది. పడవ కాదు, ఫ్యాక్టరీ బస్సునే మేం ఫెర్రీ అంటాం. సాయంత్రం దాకా తెల్లటి బల్ల ముందు నిలబడి చొక్కాలు తిప్పి తిప్పి చూస్తాను. ముఖ్యంగా రంగు. ఒక చెయ్యి ఒక తానులోంచి, ఇంకో చెయ్యి ఇంకో తానులోంచి వస్తే మామూలు కంటికి తేడా తెలీదు. నాకు తెలుస్తుంది. ఎర్ర బాణం స్టిక్కర్ అంటించి పక్కన పడేస్తాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని కావడంతో నాకు ఓపిక తగ్గింది, కన్ను పెరిగింది. అమ్మ వేసిన ముగ్గులో కూడా తప్పులు వెతుకుతానని ఇంట్లో పేరు.

ఇక తీగ సంగతి. మావయ్య చివరిసారి కొండల నుంచి దిగినప్పుడు తడిగుడ్డలో చుట్టిన ఒక పుల్ల తెచ్చాడు. వైన్ చేసే తోటలో కొమ్మలు కత్తిరిస్తున్నారట. తలకి గళ్ళ తువ్వాలు చుట్టుకున్న పావో తెగ ఆడమనిషి ఒకావిడ, కాల్చేద్దామని పోగుపెట్టిన కొమ్మల్లోంచి ఒకటి తీసి ఇచ్చిందట. కుండలకి పేరుపడ్డ ట్వంటే ఊరి నుంచి తెచ్చిన నీళ్ళ కుండ ఒకటి అంచు విరిగి మూల పడి ఉండేది. నా నడుం ఎత్తు ఉంటుంది. అడుగున చిల్లు కొట్టి, మట్టి నింపి, పుల్ల అందులో గుచ్చాడు. వెదురు బొంగులు ఆరంతస్తులూ తనే భుజాన మోసుకొచ్చి పందిరి వేశాడు.

"ఈ ఎండకీ ఈ వానకీ ఇది బతుకుద్దేటి మావయ్యా?" అన్నాను.

"నువ్వు బతకతన్నావు గదే గుంటా. అదీ బతుకుద్ది" అన్నాడు.

నలభై దాటిన నన్ను చిన్నపిల్లని పిలిచినట్టు గుంటా అని పిలిచే మనిషి ఈ లోకంలో ఆయన ఒక్కడే.

తీగ బతికింది. మూడేళ్ళు ఆకులు మాత్రమే ఇచ్చింది. వానాకాలంలో ఆకుల నిండా బూజు. వానలు వెళ్ళగానే మావయ్య కత్తెర పట్టుకుని పైకెక్కి నిర్దాక్షిణ్యంగా కత్తిరించేవాడు. నాలుగో ఏడు పన్నెండు గుత్తులు దిగాయి. అప్పుడు మొదలయ్యాయి ఆయన కబుర్లు.

కోత రోజుల్లో ఆ కొండవాలు ఎలా ఉంటుందో ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. మంచు ఇంకా విడవకముందే ఆడవాళ్ళు బుట్టలతో వరసల్లోకి దిగుతారు. పండుని చేత్తో ముట్టరు, కాడ పట్టుకుని కత్తిరిస్తారు. పండు మీద తెల్లటి పొడి ఒకటి ఉంటుంది, బూడిద ఊదినట్టు. అది చెరిగితే పండు అందం పోయినట్టేనట. అందుకని బుట్టలో కూడా పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెడతారట. ఇవన్నీ నేను బాగానే విన్నాను. కానీ ఆయన అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. కోతకి మూడు వారాల ముందు ఇంకో వారం ఉంటుంది.

"నల్లగా అయిపోనాక ఏటుంది? అన్నీ ఒక్కనాగే ఉంటాయి. రంగు తిరిగే వారం సూడాల. ఒక్క గుత్తినోనే ఒకటి పచ్చగుంటాది, దాని పక్కది గులాబీ, ఇంకోటి ఎరుపు, ఇంకోటి అప్పుడే నీలానికి తిరగతాది. ఎండ ఎనకనుంచి కొడితే లోపల గింజలు అవుపడతాయి. లారీ ఆపేసి కూకుండిపోయేవోణ్ణి. సరుకు ఆలస్యమైందని తిట్లు కూడా తిన్నాను" అనేవాడు.

"ఒక్క గుత్తిలో నాలుగు రంగులంటే మా దగ్గర రిజెక్టే" అన్నాను నేను.

ఆయన పడీ పడీ నవ్వాడు. నేను హాస్యానికే అన్నాను. కానీ మనసులో అలాగే అనుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ పన్నెండు గుత్తుల కథ ముందు చెప్పాలి. అవి గట్టిగా, పచ్చగా ఉండగానే మావయ్యకి కళ్ళు మసకలు కమ్మాయి. శుక్లాలేమో అనుకున్నాం. ఆస్పత్రిలో చూసి నీటికాసులన్నారు. లోపల ఒత్తిడి పెరిగి కంటినరం దెబ్బతిందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవడానికి ఆపరేషన్ చేసి చుక్కలు వెయ్యాలని చెప్పారు. ఆయన ఆస్పత్రిలో ఉన్న వారంలోనే అమ్మవారి పండగ వచ్చింది. మాలో ఒక పద్ధతుంది. ఇంట్లో ఏ చెట్టు కాసినా మొదటి కాపు అమ్మవారికి వెళ్ళాలి, అంతవరకూ ఎవరూ నోట పెట్టకూడదు. పచ్చిమిరపకాయైనా సరే. తమ్ముడి కళ్ళ కోసం మొక్కుకున్న అమ్మ అమ్మవారికి ఈసారి ద్రాక్షపళ్ళే పెట్టాలని పట్టుపట్టింది.

పైకెళ్ళి చూశాను. కొన్ని పళ్ళు అప్పుడప్పుడే ఎర్రబారుతున్నాయి, తక్కినవి పచ్చివే. పండగ ఇంకా నాలుగు రోజులుంది. నాకు మామిడికాయలు తెలుసు, అరటిగెలలు తెలుసు, సపోటాలు తెలుసు. కోసి, కప్పెట్టి, నాలుగు రోజులు మాగేస్తే ఏ కాయైనా పండాల్సిందే అనుకున్నాను. పన్నెండు గుత్తులూ కోసి బియ్యం డబ్బాలో పాతేశాను. పైన గోనెపట్టా కప్పి, ఇంట్లో ఎవరూ మూత తియ్యకూడదని హుకుం కూడా జారీ చేశాను.

నాలుగో రోజు మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. కాడలు ఎండిపోయాయి. పచ్చివి పచ్చివిగానే ముడతలు పడ్డాయి, ఎర్రబారినవి చితికి బియ్యానికి అంటుకున్నాయి. అమ్మ ఆ బియ్యం చేటలో పోసుకుని ఒక్కొక్క గింజా ఏరుతూ నన్నేమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే ఎంత కోపం వచ్చిందో నాకు తెలుసు. అమ్మవారికి మామూలుగా అరటిపళ్ళే వెళ్ళాయి.

మావయ్య కంటికి కట్టుతో ఇంటికొచ్చి అడిగిన మొదటి మాట: "తిరిగేయా?"

జరిగింది చెప్పాను. "బియ్యంలోనా?" అన్నాడు. మళ్ళీ "బియ్యంలోనే?" అన్నాడు. తర్వాత నవ్వాడు. "ద్రాచ్చ మామిడికాయ కాదే గుంటా. కోసిన్నాడు ఎలాగుందో అలాగే. మరి మాగదు. తీగ మీదే పండాల" అన్నాడు. ఆ నవ్వు నాకు తిట్టుకన్నా బాధగా తగిలింది. ఆ ఏడు ఆయన ఎడమకంటికి చూపు ఇంకా చాలావరకు ఉండేది. చూడాల్సింది చూసి ఉండేవాడు.

అలాంటి మనిషిని నేను. తప్పు దొరికితే స్టిక్కర్ అంటించేదాన్ని. నాకు నేనే స్టిక్కర్ అంటించుకున్నాను. వచ్చే ఏడు ఏ ఒక్క పండూ పాడవకూడదని గట్టిగా పట్టుదల పట్టాను.

ఈ ఏడు వానలు వెళ్ళాక కొమ్మలు నేనే కత్తిరించాను. మావయ్య పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, కొమ్మ తడిమి, "ఈ కన్ను దగ్గర కొయ్యి, ఆ కన్ను వదిలేయి" అని చెప్పాడు. చిగురు వచ్చే కణుపుని ఆయన కన్ను అంటాడు. ఆయన కుడికంట్లో చూపు అప్పటికే పోయింది. ఎడమకన్నులో మధ్యన కాస్త మిగిలింది. గొట్టంలోంచి చూసినట్టు ఉందనేవాడు. పొద్దున్న ఫెర్రీకి దిగేముందు ఒక చుక్క, సాయంత్రం వచ్చాక ఒక చుక్క నేనే వేసేదాన్ని. నెలకోసారి ఆస్పత్రి. డాక్టరమ్మ ప్రతిసారీ అదే చెప్పేది, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం అని.

కాబట్టి ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ఆ చూపుకీ ఈ కాపుకీ మధ్య పందెం నడుస్తోందని. ఎవరమూ పైకి అనలేదు. "ఈసారి సూడాల" అని మావయ్య ఒక్కసారే అన్నాడు, పూత దిగిన రోజున.

ఇరవై మూడు గుత్తులు. బఠానీ గింజంత ఉన్నప్పటినుంచీ నేను రోజూ లెక్కపెట్టేదాన్ని. పళ్ళు గోళీలంత అయ్యేసరికి ఐదో అంతస్తులో ఉండే చైనా ఆంటీ బట్టలు ఆరెయ్యడానికి పైకొచ్చి చూసింది. మంచావిడ. నోరారా మెచ్చుకుంది. యాంగోన్ మొత్తంలో ఇలాంటిది లేదంది, ఫోన్‌లో ఫొటో తీసుకుంది, వాళ్ళ చెల్లెలికి పంపింది. మర్నాడు ఆ చెల్లెలే వచ్చింది. ఆ తర్వాత మూడో అంతస్తు వాళ్ళు వచ్చారు. నాలుగో రోజున రెండు గుత్తుల్లో పది పళ్ళు రాలిపోయాయి.

అమ్మకి ఇక అనుమానం లేదు. "దిట్టి తగిలేసినాది. ఫొటో కూడా తీసేసినారు, ఇంకేటి మిగుల్తాది?" అంది. పందిరి గుంజకి పాత చెప్పు ఒకటి వేలాడదీసింది, దాని పక్కన నిమ్మకాయా మిరపకాయలూ. కాకులు రెండు రోజులు ఆ చెప్పుని చూసి దూరంగా కూర్చున్నాయి. మూడో రోజు చెప్పు మీదే కూర్చున్నాయి.

నేను అమ్మంత నమ్మేదాన్ని కాను. నమ్మనని గట్టిగా చెప్పగలిగేదాన్నీ కాను. పైగా కాకులు, పావురాలు, పికిలిపిట్టలు నిజంగానే ఉన్నాయి. ఫ్యాక్టరీలో జేబుల లోపల వేసే తెల్లటి గుడ్డ ముక్కలు పారేస్తారు. సూపర్‌వైజర్‌ని అడిగి తెచ్చుకున్నాను. ఆదివారం కూర్చుని ఇరవై మూడు సంచులు కుట్టాను, మూతికి నాడాతో సహా. గుత్తి గుత్తికీ తొడిగి ముడేశాను. పని పూర్తయ్యాక దూరంగా నిలబడి చూస్తే పందిరి నిండా తెల్లటి సంచులు, ఒక్క పండు బయటికి కనబడదు. పక్షికీ కనబడదు, పొరుగింటి కంటికీ కనబడదు. చాలా గర్వపడ్డాను.

మావయ్యని పైకి తీసుకొచ్చి చూపించాను. సంచిని తడిమి, "బాగా కుట్టినావు" అన్నాడు. తర్వాత, "మరి తిరిగినప్పుడు ఎలాగ అవుపడతాది?" అన్నాడు.

"నేను చూస్తాను కదా. పండాక అన్నీ ఒకేసారి విప్పుదాం. అప్పుడు చూద్దువు గాని" అన్నాను.

ఆయన సంచిని ఇంకోసారి తడిమాడు. ఆయన అడిగిన మాట నేను విన్నాను. పట్టించుకోలేదంతే. ఇరవై ఏళ్ళుగా నేను నేర్చుకున్నది ఒకటే, సగం కుట్టిన చొక్కా కొనేవాడికి చూపించకూడదు. పూర్తయ్యాక ఇస్త్రీ చేసి, గుండీలు పెట్టి, మడతపెట్టి చూపించాలి. మావయ్యకి కూడా అలాగే, నిండుగా నల్లబడ్డ ద్రాక్షతోట చూపించాలనుకున్నాను. బియ్యం డబ్బా పాపం ఆ దెబ్బతో తీరిపోవాలనుకున్నాను.

రోజూ పొద్దున్న, ఫెర్రీకి ముందు, నేనొక్కదాన్నే పైకెక్కి ఒక సంచి మూతి ముడి వదులు చేసి చూసేదాన్ని. వేళ్ళు తగలకుండా, పొడి చెరగకుండా. మాఘం వెళ్తుండగా ఒక పొద్దున ఆ సంచిలో ఒకే ఒక పండు గులాబీ రంగుకి తిరిగింది. మర్నాటికి ఐదారు. ఆ పక్క రోజుకి ఒకటి ఎర్రగా, ఒకటి వంగపండు రంగులో, మధ్యలో కొన్ని పచ్చిగా. సూర్యుడు ట్యాంకు వెనక నుంచి లేస్తూ ఉంటే సంచి గుడ్డలోంచి వెలుగు వడకట్టినట్టు పడేది. పండు లోపల రెండేసి గింజలు స్పష్టంగా కనిపించేవి. పండు తోలు కింద సన్నటి నరాలు కూడా కనిపించేవి. ఎంత బాగుందో చెప్పలేను. నా బల్ల మీదికి ఇన్నేళ్ళలో ఎన్ని రంగులు వచ్చి ఉంటాయో, ఇలాంటి ఎరుపు ఒక్కటీ రాలేదు. ఏ రెండు పళ్ళూ ఒకేలా లేవు, అయినా ఒక్కదాన్నీ పక్కన పెట్టాలనిపించలేదు. రెండుసార్లు ఫెర్రీ తప్పిపోబోయింది. డ్రైవర్ హారన్ కొడుతుంటే ఆరంతస్తులూ పరిగెత్తుకుంటూ దిగాను.

ఆ వారంలోనే మావయ్య రెండుసార్లు అడిగాడు.

మొదటిసారి చుక్కలు వేస్తుంటే. "తిరిగేయేటే?"

"తిరుగుతున్నాయి. భద్రంగా ఉన్నాయి."

"ఒక్క సంచి ఇప్పుతావా?"

"ఇప్పితే పిట్టలు పీకేస్తాయి మావయ్యా. ఇంకో మూడు వారాలు ఓర్చుకో."

రెండోసారి ఆదివారం. తనే గోడ పట్టుకుని మెట్లెక్కి పైకొచ్చేశాడు. సంచి నాడా వెతుక్కుంటున్నాడు. నాకు కోపం వచ్చింది. పండు రాలిపోతుందని, ముడి బిగుసుకుపోతుందని, రెండు మూడు వారాలు ఆగితే కొంప మునగదని గట్టిగానే అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "సరేలే, నువ్వు సెప్పినట్టే" అని పీట మీద కూర్చున్నాడు. అప్పటికి ఎడమకన్నుకి రంగులు ఇంకా తెలిసేవి. ఆ ముందు రోజే అమ్మ కట్టుకున్న కొత్త బర్మా లుంగీ చూసి, కనకాంబరం రంగు కదప్పా అన్నాడు. అక్కని అప్పా అనడం మా వాళ్ళ అలవాటు. నేను ఆ మాట విన్నాను, నా బుర్రకి ఎక్కలేదు.

ఆ తర్వాత మూడు వారాల్లో చూపు మెట్లు దిగినట్టు దిగిపోయింది. ఒకరోజు టీ కప్పు పక్కన పోసుకున్నాడు. ఇంకో రోజు బాల్కనీలోంచి వీధిలోకి వేలాడే క్లిప్పు తాడుకి కింద కూరలమ్మేవాడు తగిలించిన సంచిని పైకి లాగుతూ, సంచి చేతికి వచ్చాక కూడా లాగుతూనే ఉన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ చుక్కలు మార్చింది. మెట్లమీద జాగ్రత్తన్నది. బయటికొచ్చాక బస్టాపులో ఆయన నన్ను, "వచ్చిన బస్సు ఎరుపా, పసుపా?" అని అడిగాడు. పసుపు, మావయ్యా అన్నాను. నాకు అప్పుడు భయం పట్టుకుంది. ఇంటికి రాగానే పైకెళ్ళి సంచి విప్పి చూశాను. అన్నీ నల్లబడ్డాయి.

కోత ఆదివారం పొద్దున్న పెట్టుకున్నాం. కరెంటు లేదు, నీళ్ళ మోటారు మోత లేదు. మేడ మీద చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అమ్మ ఇత్తడి పళ్ళెం పట్టుకొచ్చింది. మెచ్చుకున్నందుకు ఆంటీ మీద అమ్మకున్న కోపం కూడా తగ్గి, ఆవిడనీ పిలిచింది. మావయ్యని చెయ్యి పట్టుకుని తెచ్చి పందిరి కింద పీట మీద కూర్చోబెట్టాను. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు.

ఒక్కొక్క సంచీ విప్పాను. ఒక్కటీ పాడవలేదు. నల్లటి గుత్తులు, ఒక్కో పండు మీదా ఆ తెల్లటి పొడి చెక్కుచెదరకుండా, తెల్లవారుజామున మంచు పట్టినట్టు. పొడి కింద నలుపు, నలుపు కింద ఎక్కడో నీలం. గుత్తి భుజాల దగ్గర వెడల్పుగా, కొస దగ్గర సన్నగా, ఆకుల మధ్యన బరువుగా వేలాడుతున్నాయి. పండిన వాసనకి తేనెటీగలు రెండు అప్పుడే వచ్చేశాయి. ఆంటీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, ఈసారి మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా. నా చేతులతో నేను ఇంత తప్పులేని పని ఎప్పుడూ చెయ్యలేదు.

మొదటి గుత్తి కాడ పట్టుకుని కత్తిరించి అమ్మవారి పళ్ళెంలో పెట్టాను. రెండోది మావయ్య ముందు పట్టుకున్నాను.

"చూడు."

ఆయన తల కొంచెం పక్కకి తిప్పి, ఆ మిగిలిన చూపు అంచుతో వెతికాడు. కాడ అందుకుని బరువు చూశాడు. వాసన చూశాడు. "బాగా పండేయి. కొండమీద వాసనే" అన్నాడు. పందిరి వైపు తలెత్తి అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నాకు తెల్డం నేదే గుంటా. ఆకుల్లో ఏదో మసగ్గా ఉన్నాది. నలుపు గదా."

ఆయనే మళ్ళీ, నవ్వుతూ, "నలుపుకి నాకిప్పుడు కరువు నేదులే" అన్నాడు.

"ఒరే, ఆ మాటలేటిరా" అంది అమ్మ.

"తిరిగిన వారం ఎప్పుడయిపోనాది?" అని నన్ను అడిగాడు.

"మూడు వారాలయింది."

"నువ్వు సూసేవా?"

"చూశాను."

"బాగున్నాయా?"

ఊళ్ళో వాళ్ళ కళ్ళు పడకూడదని సంచులు కట్టాను. చూడాల్సిన ఒక్క మనిషి చూపుకి అడ్డం కట్టాను. పండు భద్రంగా ఉంది, అది పండుతుండగా చూసింది నేను, ఒక్కదాన్ని, దొంగలా, ఆ వారం రోజులూ. ఆయన అడిగింది నల్ల ద్రాక్ష కాదు. అడగాల్సిన మాట ఆయన తిన్నగానే అడిగాడు, ఇంటి మనిషి కాబట్టి గట్టిగా అడగలేదు.

కత్తెర పెట్టి వస్తానని ట్యాంకుల వెనక్కి వెళ్ళాను. కత్తెర పెట్టడానికి అక్కడ చోటేమీ లేదు, ఏడవడానికి ఉంది. నేను నిలబడ్డ పక్కనే సిమెంటు గోడకీ నీలం ట్యాంకుకీ మధ్య జానెడు సందు. కళ్ళు తుడుచుకుంటూ ఉంటే ఆ సందులో ఒక తీగ కనిపించింది. పందిరి దాటి, ట్యాంకు పైపుని చుట్టుకుని వెనక్కి దిగిన కొమ్మ. దానికి ఒక గుత్తి. చిన్నది, నా గుప్పిట్లో పట్టేంత. ఆలస్యంగా పూసి ఉంటుంది, పైగా ఎండ తగలని చోటు. నా లెక్కకి అందలేదు, కాకుల లెక్కకీ అందలేదు. సంచి లేదు.

దానికి ఇప్పుడు తిరుగుతోంది రంగు.

కొయ్యలేదు. కొమ్మని మెల్లిగా సందులోంచి బయటికి తప్పించి, పైపు మీద నిలిపాను. మావయ్యని లేవదీసి తీసుకొచ్చి ఎండకి ఎదురుగా నిలబెట్టాను. గుత్తి వెనక ఒక తెల్ల సంచిని అడ్డంగా పట్టుకున్నాను, ఫ్యాక్టరీలో రంగు చూడటానికి తెల్ల బల్ల మీద పెట్టినట్టు. ఆయన ముఖం గుత్తికి బెత్తెడు దూరంలోకి వంచాడు.

"ఏటిది?"

"ఒకటి మిగిలిపోయింది మావయ్యా. ఇది ఇప్పుడు తిరుగుతోంది."

ఆయన ఊపిరి బిగపట్టాడు. తల అటు తిప్పి, ఇటు తిప్పి, మిగిలిన చూపు ఎక్కడుందో దాన్ని గుత్తి మీదికి తెచ్చుకున్నాడు. ఇన్నాళ్ళూ పండుని ముట్టకూడదని మా అందరికీ చెప్పిన మనిషి, చూపుడువేలు ఒక పండు మీద పెట్టాడు.

"ఇది పచ్చ."

"అవును."

"ఇదీ పచ్చే."

"అవును."

వేలు ఇంకో పండు మీదికి జరిగింది. "ఇదిగో, ఇది ఎరుపు."

అది పచ్చ. ఆకులాంటి పచ్చ. దాని పక్కదే ఎరుపు.

ఇరవై ఏళ్ళలో తప్పు రంగుని నేను ఒక్కసారి కూడా వదల్లేదు. మేనేజర్ పక్కన నిలబడి సరుకు ఈ రోజే వెళ్ళాలన్నా వదల్లేదు. "అవును మావయ్యా, ఎరుపే" అన్నాను.

ఇంకో పండు. "ఇది నీలం."

అదీ పచ్చే. "అవును" అన్నాను.

వేలు ఆగింది. ఆయన తల నా గొంతు వచ్చిన వైపు తిప్పాడు.

"ఫేట్రీలో కూడా ఇలాగే పాస్ సేసేస్తన్నావేటే?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి వస్తే ముఖం ఎలా ఉంటుందో ఆయనకి కనబడనందుకు బతికిపోయాను అనుకున్నాను. వెంటనే అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

"నాకు వెలుగు తెలస్తన్నాది. లోపల గింజలు ఉన్నట్టు కూడా తెలస్తన్నాది. రంగే తెల్డం నేదు" అన్నాడు. "నువ్వు సెప్పు. మొదట్నుంచీ సెప్పు. నిజం సెప్పాల."

ఆయన వేలు పట్టుకుని గుత్తి పైకొసన మొదటి పండు మీద పెట్టాను. పచ్చ అన్నాను. రెండోది పచ్చే, కానీ అడుగున కొంచెం పసుపు తిరిగింది. మూడోది గులాబీ, కాడ దగ్గర ఇంకా తెలుపు. నాలుగోది ఎరుపు, అమ్మ పెళ్ళి చీర అంచంత ఎరుపు. దగ్గరికొచ్చిన అమ్మ, "అంత ఎరుపేటే?" అని వంగి చూసి, అవునంది. ఐదోది వంగపండు. ప్రతి పండు మీదా ఆయన వేలు ఆగింది, పొడి చెరిగి పండు మెరిసింది. ఆయన ఒక్కొక్కదానికీ "ఊఁ" అన్నాడు.

ముప్ఫై ఒక్క పళ్ళు. ఒక్కదానికి కూడా నేను తప్పు చెప్పలేదు.